చేతితో నడిపితే వచ్చే బ్యాకప్ క్రాన్‌లో ఎందుకు రాదు?

మీరు అడిగిన మూడు సంగతులనూ నా మాటల్లో ఒకసారి చెప్పి మొదలుపెడతాను. బేగంబజారులో ఒక కిరాణా టోకు వ్యాపారి దగ్గర మీరు బిల్లింగ్ సర్వర్ చూసుకుంటున్నారు. సర్వర్ అద్దెకు తీసుకున్నది, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థతో నడుస్తోంది. రాత్రి డేటాబేస్ బ్యాకప్ తీసే ఆదేశాన్ని మీరు టైపు చేసి నడిపితే ఫైలు చక్కగా వస్తోంది, అదే ఆదేశాన్ని క్రాన్‌లో, అంటే చెప్పిన వేళకు పనులను దానంతటదే మొదలుపెట్టే ప్రోగ్రాములో, పెడితే ఏమీ రావడం లేదు. ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం 5 గంటలకు తయారు కావలసిన బాకీల పట్టిక మొదట్లో పదిన్నరకు వచ్చేది, మీరు సరిచేశాక రెండో తేదీన వస్తోంది. 5 నిమిషాలకొకసారి సరుకు నిల్వ లెక్కగట్టే స్క్రిప్టు రద్దీ రోజుల్లో ఒకే బిల్లు సరుకును నిల్వలోంచి రెండుసార్లు తీసివేస్తోంది. క్రాన్ నమ్మదగినది కాదేమో, డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా అని యజమాని అడుగుతున్నారని రాశారు.

కొననక్కరలేదు. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులోనే సర్వర్ల పని చేస్తున్నాను. మీ మూడు సమస్యలూ చాలామందికి ఎదురైనవే, మూడింటికీ మందు ఉంది. క్రాన్ కొత్త వస్తువు కాదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన క్రాన్ 1979 నాటి యూనిక్స్ ఏడో కూర్పులోనే ఉంది. కాలం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. మీ ఉబుంటులో ఉన్నది పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్ నుంచి వచ్చింది. ఇన్నేళ్లుగా నిలబడింది కాబట్టి గడియారం చూసి పనిని మొదలుపెట్టడంలో దాన్ని శంకించనక్కరలేదు. చిక్కంతా దాని మౌనంలో ఉంది. పని అసలు మొదలు కాకపోయినా, మొదలై మధ్యలో చచ్చిపోయినా, సవ్యంగా ముగిసినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. ఆ మౌనాన్ని ఎలా పోగొట్టాలన్నదే నేను చెప్పబోయేది.

ఇక్కడ ఆదేశాలన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పాత్, టీజెడ్ అనే పేర్లు మాత్రం పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉండాలి; ఆసియా, కోల్‌కతా, పర్సిస్టెంట్ అన్న మాటలకు మొదటి అక్షరం పెద్దది కావాలి.

మొదట బ్యాకప్. ఫైలు పేరు చివర ఆ రోజు తేదీ వచ్చేలా డేట్ ఆదేశాన్ని అదే వరుసలో ఇరికించారు కదా, అందులో % గుర్తు ఉంది. తప్పు అక్కడే. క్రాన్‌ట్యాబ్ అంటే ఏ వేళకు ఏ పని నడపాలో క్రాన్ కోసం వరుసకొకటిగా రాసే జాబితా. ఆ వరుసలో % గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. మొదటి % ఎక్కడ కనిపిస్తే అక్కడికి ఆదేశం ముగిసిందని క్రాన్ అనుకుంటుంది. దాని తర్వాత ఉన్నదంతా ఆ ఆదేశానికి ఇన్‌పుట్‌గా పంపుతుంది, మిగిలిన % గుర్తులను కొత్త వరుసలుగా మారుస్తుంది. టెర్మినల్లో మీరు మాట్లాడేది నేరుగా షెల్‌తో, అంటే ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాముతో. షెల్‌కు ఈ నియమం లేదు. అందుకే చేతితో నడిపితే నడిచింది. క్రాన్ మాత్రం సగానికి తెగిన, కుండలీకరణం మూయని వాక్యాన్ని షెల్‌కు అందించింది. షెల్ అది వాక్యమే కాదని తిప్పికొట్టింది.

మరి ఆ లోపం మీకు ఎందుకు తెలియలేదు? ఏ పని నుంచైనా ఒక్క మాట బయటికి వస్తే క్రాన్ దాన్ని ఈమెయిల్‌గా పంపాలని చూస్తుంది. మీ సర్వర్లో మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టి ఉండరు. అప్పుడు క్రాన్ ఆ మాటను పారేసి, మెయిల్ వ్యవస్థ లేదు కాబట్టి అవుట్‌పుట్‌ను వదిలేస్తున్నానని లాగ్‌లో ఒక్క వరుస రాసి ఊరుకుంటుంది. ఈరోజే సిస్‌లాగ్ (సర్వర్ తన సందేశాలు రాసుకునే ఫైలు) తెరిచి పెద్ద అక్షరాల్లో క్రాన్ అన్న మాట కోసం వెతకండి. రోజూ రాత్రి ఆ వరుస కనిపిస్తే నేను చెప్పింది నిజమని తేలినట్టే.

% ముందు వాలుగీత \ పెడితే ఆ వరుస పనిచేస్తుంది. కానీ నేను ఆ దారి సూచించను. క్రాన్‌ట్యాబ్‌లో వేళ, స్క్రిప్టు పూర్తి చిరునామా తప్ప ఇంకేమీ ఉండకూడదన్నది నేను గట్టిగా పట్టుకున్న నియమం. తేదీలు, పైపులు (ఒక ఆదేశం ఇచ్చినదాన్ని నేరుగా ఇంకో ఆదేశానికి అందించేవి), షరతులు అన్నీ స్క్రిప్టు లోపలికి వెళ్లాలి. స్క్రిప్టును చేతితో నడిపి చూడవచ్చు, ఇంకొకరికి చూపించవచ్చు, పాత రూపాన్ని దాచుకోవచ్చు. క్రాన్‌ట్యాబ్‌లో రాసిన పొడుగాటి వరుసను పరీక్షించాలంటే రాత్రి దాకా కాచుకోవాలి.

స్క్రిప్టు చేశాక కూడా ఇంకో గడప దాటాలి. మీరు లాగిన్ అయినప్పుడు మీ కోసం షెల్ ఒక ఇల్లు సర్దిపెడుతుంది: ఏ ఆదేశం ఎక్కడుందో చెప్పే పాత్, పాస్‌వర్డ్ లాంటి విలువలు పెట్టుకున్న చరరాశులు. ఆదేశం నడిపేటప్పుడు మీరు ఏ ఫోల్డరులో నిలబడి ఉన్నారో అదీ లెక్కలోకి వస్తుంది. క్రాన్‌కు ఆ ఇల్లు లేదు. దాని పాత్‌లో సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ అనే రెండు చోట్లే ఉంటాయి. అది వాడే షెల్ బ్యాష్ కాదు, ఎస్‌హెచ్. ఉబుంటులో ఆ పేరు వెనక ఉండేది డ్యాష్ అనే చిన్న షెల్, బ్యాష్‌కు తెలిసినవన్నీ దానికి తెలియవు. దీన్ని కళ్లారా చూడాలంటే ఎన్వ్ అనే ఆదేశం ఇచ్చే జాబితాను ఒక ఫైలులో రాసే పనిని ప్రతి నిమిషానికీ పెట్టి, రెండు నిమిషాలు ఆగి తీసేయండి. తర్వాత మీ టెర్మినల్లో ఎన్వ్ నడిపి రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టండి. మీ దగ్గర ముప్పై నలభై వరుసలు ఉంటే అక్కడ నాలుగైదు కనిపిస్తాయి. మా దగ్గర చేరే కొత్తవాళ్లతో నేను మొదటి వారంలోనే ఈ పని చేయిస్తాను. ఎంత చెప్పినా అర్థం కానిది ఆ రెండు ఫైళ్లు చూస్తే క్షణంలో అర్థమవుతుంది.

కాబట్టి స్క్రిప్టు మొదటి వరుసలో బ్యాష్ అని స్పష్టంగా రాయండి. రెండో వరుసలో పాత్ మీరే పెట్టండి. ఫైళ్లన్నిటికీ మూలం నుంచి పూర్తి చిరునామా ఇవ్వండి. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను ఆదేశంలో రాయకండి, సర్వర్లో ఇతరులు పనుల జాబితా చూస్తే బయటపడే ప్రమాదం ఉంది. మీరొక్కరే చదవగల ఫైలులో పెట్టుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. మీ ఆదేశం డేటాబేస్ డంప్‌ను (లోపలి డేటా అంతటి నకలును) పైపు గుండా, ఫైళ్లను కుదించే జీజిప్‌కు పంపి, వచ్చిన దాన్ని ఫైలులో రాస్తోంది. పైపుతో కట్టిన ఆదేశాల్లో షెల్ చివరి ఆదేశం ఫలితాన్నే చూస్తుంది. డంప్ మొదట్లోనే కూలిపోయి ఒక్క అక్షరం కూడా ఇవ్వకపోయినా జీజిప్ సంతోషంగా ఖాళీని కుదించి, ఫైలు రాసి, అంతా బాగుందని చెబుతుంది. ఆ ఫైలు పరిమాణం సరిగ్గా 20 బైట్లు. ఈ అంకె నాకు జీవితాంతం గుర్తుంటుంది. చాలా ఏళ్ల క్రితం సికింద్రాబాదులో ఒక చిన్న సంస్థకు సర్వర్లు చూసేవాణ్ని. వాళ్ల డిస్కు ఒక మధ్యాహ్నం పాడైంది. బ్యాకప్ ఫోల్డరు తెరిస్తే రోజుకొక ఫైలు చొప్పున వరుసగా ఉన్నాయి, పేర్లలో తేదీలు కూడా సరిగ్గానే ఉన్నాయి. పక్కన పరిమాణం చూస్తే చివరి పదకొండూ 20, 20, 20. పదకొండు రోజుల కిందట ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, బ్యాకప్ స్క్రిప్టులో మార్చలేదు. ఆ పదకొండు రోజుల పద్దులను కాగితం బిల్లుల నుంచి నలుగురు కూర్చుని మళ్లీ ఎక్కించారు. రాత్రి పదింటికి ఒక పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంటూ బిల్లు నంబర్లు చదువుతుంటే నేను టైపు చేశాను. ఫోల్డరులో ఫైళ్లు ఉన్నాయా అని వారానికొకసారి చూసేవాణ్ని. వాటి పరిమాణం ఒక్కసారి కూడా చూడలేదు.

పెద్ద సంస్థలకూ ఇదే జరిగింది. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరునే తుడిచేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే అవి లేవు. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, రోజూ నడిచే పని మాత్రం 9.2 కూర్పు డంప్‌ను పిలుస్తోంది, అది ప్రతిసారీ లోపంతో ఆగిపోతోంది. లోపాన్ని చెప్పే క్రాన్ ఈమెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి. వాటికి డీమార్క్ ధ్రువీకరణ (మెయిల్ నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందని చూపేది) సరిగ్గా లేక అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. అదృష్టవశాత్తు దాదాపు 6 గంటల ముందు ఒకరు వేరే పని మీద చేతితో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్న డేటా నకలు, ఉంది. దానితో బయటపడ్డారు, మధ్యలోని ఆ 6 గంటల డేటా పోయింది. జరిగిందంతా వాళ్లే దాపరికం లేకుండా రాసి ప్రపంచానికి చెప్పారు. ఆ నిజాయతీ మీద నాకు ఎంతో గౌరవం.

అందుకని మీ స్క్రిప్టు ఇలా నడవాలి. పైన సెట్ ఆదేశంతో పైప్‌ఫెయిల్ పెట్టండి, అప్పుడు పైపులో ఏ ముక్క విఫలమైనా మొత్తం విఫలమైనట్టు తెలుస్తుంది. దానితోపాటు -ఇ పెడితే లోపం వచ్చిన చోటే స్క్రిప్టు ఆగిపోతుంది. డంప్‌ను ముందు తాత్కాలిక పేరుతో రాయండి. పరిమాణం నిన్నటి ఫైలుతో పోల్చండి. మీ బిల్లులు రోజురోజుకూ పెరిగేవే కాబట్టి నిన్నటికంటే బాగా చిన్నదైతే ఏదో తప్పు జరిగిందన్నమాట. అన్నీ సరిపోయాకే అసలు పేరుకు మార్చండి. ఆ తర్వాత, అన్నిటికంటే చివర, సర్వర్‌కు బయట ఉన్న కాపలాకు ఒక కబురు పంపండి.

ఈ కాపలా సంగతి కాస్త వివరంగా చెబుతాను. లోపం వస్తే కబురు పంపు అని స్క్రిప్టుకే చెబితే సరిపోదు. సర్వరే పడిపోతే, క్రాన్ సేవ ఆగిపోతే, ఎవరైనా ఆ వరుసనే తీసేస్తే కబురు పంపేవాడే ఉండడు. అందుకని తిప్పి ఆలోచించాలి. పని పూర్తయితే కబురు వెళ్లాలి. చెప్పిన వేళకు ఆ కబురు అందకపోతే బయట ఉన్న వేరే యంత్రం మీ ఫోనుకు హెచ్చరిక పంపాలి. పాలవాడు గంట కొట్టకపోతే పాలు రాలేదని ఇంట్లోవాళ్లే గ్రహించినట్టు. ఇలాంటి సేవలు ఉచితంగానూ దొరుకుతాయి, మీరే ఇంకో చిన్న యంత్రం మీద పెట్టుకోవచ్చు కూడా. రోజూ బ్యాకప్ అయింది అని ఫోనుకు సందేశం పెట్టుకోవడం నాకు నచ్చదు. పది రోజులు చదువుతారు, పదకొండో రోజు నుంచి చదవరు, రానిరోజున గమనించరు. వారానికొకసారి మాత్రం ఒక బ్యాకప్‌ను వేరే ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, బిల్లుల సంఖ్య లెక్కబెట్టి చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కవేయను.

రెండో సంగతి, వేళ. మీ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంది. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. మీరు మొదట 0 5 1 * * అని రాశారు. ఈ ఐదు గడులూ వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు; * అంటే ఏదైనా సరే అని. సర్వర్‌కు ఉదయం 5 అంటే మనకు పదిన్నర, అందుకే పట్టిక ఆ వేళకు వచ్చింది. ఐదున్నర గంటలు వెనక్కి జరిపి 30 23 1 * * చేశారు. గంట సరిపోయింది, రోజు తప్పింది. యూటీసీలో ఒకటో తేదీ 23:30 అంటే మన దగ్గర రెండో తేదీ ఉదయం 5. మీకు కావలసింది యూటీసీలో అంతకుముందు నెల ఆఖరి రోజు 23:30. నెల ఆఖరి రోజు 28, 29, 30, 31లో ఏదైనా కావచ్చు, దాన్ని సూటిగా రాసే వీలు మీ క్రాన్‌లో లేదు.

మూడు దారులున్నాయి. పనిని రోజూ 30 23 * * * కు పెట్టి, స్క్రిప్టు మొదట్లోనే టీజెడ్ చరరాశికి ఆసియా/కోల్‌కతా అని ఇచ్చి తేదీ అడిగి, 1 కాకపోతే వెంటనే తప్పుకునేలా రాయడం మొదటిది. ఏ సర్వర్ మీదికి మార్చినా ఇది పనిచేస్తుంది. రెండోది సర్వర్ గడియారాన్నే టైమ్‌డేట్‌సీటీఎల్‌తో మన సమయానికి మార్చడం. సర్వర్లన్నీ యూటీసీలోనే ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. పది దేశాల్లో యంత్రాలున్నవాళ్లకు అది సరైన మాటే. యజమాని, గుమాస్తాలు, కొనేవాళ్లు అందరూ హైదరాబాదులోనే ఉండి, ఉన్నది ఒకే సర్వర్ అయినప్పుడు మన సమయం పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. మనకు వేసవిలో గడియారం జరిపే పద్ధతి లేదు కాబట్టి అలా జరిపే దేశాల్లో ఏటా రెండుసార్లు వచ్చే తికమకా లేదు. అయితే మార్చాక క్రాన్ సేవను పునఃప్రారంభించాలి, లేకపోతే అది పాత సమయంతోనే నడుస్తుంది. ఉన్న వరుసలన్నీ మళ్లీ లెక్కగట్టాలి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్ గడియారాన్ని చూసి బిల్లు సమయం రాస్తుంటే పాత బిల్లులకూ కొత్త వాటికీ ఐదున్నర గంటల తేడా వస్తుంది. ముందు అది తేల్చుకుని, కొట్టు కట్టేశాక మార్చండి. మూడో దారి సిస్టమ్‌డీ టైమర్, క్రాన్‌లాగే వేళకు పనులు మొదలుపెట్టే, ఉబుంటులోనే ఉన్న ఇంకో ఏర్పాటు. దాని గురించి కింద చెబుతాను.

ఈ యూటీసీ వల్ల మీకు తెలియకుండానే జరుగుతున్నవి ఇంకో రెండు ఉన్నాయి. తెల్లవారుజామున రెండున్నరకు తీసే బ్యాకప్ సర్వర్ లెక్కలో ముందురోజు 21:00కు జరుగుతుంది. కాబట్టి 15వ తేదీ తెల్లవారుజామున తీసిన ఫైలు పేరులో 14 ఉంటుంది. అవసరం వచ్చిన రోజు తొందరలో తప్పు ఫైలు ఎక్కిస్తారు. రెండోది, ఉబుంటు తనకు తానుగా పెట్టుకునే రోజువారీ పనులు క్రాన్‌ట్యాబ్‌లో 25 6 * * * కు ఉంటాయి. యూటీసీలో 6:25 అంటే మనకు 11:55. బేగంబజారులో ఆ వేళకు గల్లా ముందు ఎంత జనం ఉంటారో మీకే బాగా తెలుసు. రోజూ మధ్యాహ్నం కాసేపు బిల్లింగ్ నెమ్మదిస్తోందని ఇంకోచోట రాశారు. కారణం అదేనని ఇక్కడినుంచి తేల్చి చెప్పలేను కానీ నేనైతే ముందు అక్కడే చూస్తాను.

మూడో సమస్య, రెండుసార్లు లెక్కపడే బిల్లులు. మామూలు రోజుల్లో మీ స్క్రిప్టు నిమిషంలో ముగుస్తుంది. దసరా ముందు బిల్లులు ఎక్కువైతే ఏడు నిమిషాలు పడుతుంది. క్రాన్‌కు పాత పని ముగిసిందా అన్న చింత లేదు. ఐదో నిమిషం రాగానే రెండోదాన్ని మొదలుపెడుతుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బిల్లు చూసి గోదాము చిట్టాలో చెరో పది బస్తాలు కొట్టేసినట్టు అవుతుంది.

దీనికి తాళం కావాలి. స్క్రిప్టు నడుస్తోంది అని గుర్తుగా ఒక ఫైలు సృష్టించి చివర చెరిపేసే పద్ధతిని చాలామంది సొంతంగా రాసుకుంటారు. మీరు ఆ పని చేయకండి. మధ్యలో సర్వర్ ఆగిపోతే ఆ ఫైలు అలాగే మిగిలిపోయి, తర్వాత ఎన్ని రోజులైనా పని మొదలు కాదు, అదీ నిశ్శబ్దంగా. ఎఫ్‌లాక్ అనే ఆదేశం ఉబుంటులో ముందే ఉంటుంది. మీ వరుసను ఇలా మార్చండి:

*/5 * * * * ఎఫ్‌లాక్ -ఎన్ /హోమ్/బిల్లింగ్/నిల్వ.లాక్ /హోమ్/బిల్లింగ్/పనులు/నిల్వ

ఇక్కడ తాళం వేసేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. పని ముగిసినా, కూలిపోయినా, ఎవరు చంపేసినా తాళం తనంతట ఊడిపోతుంది. లాక్ ఫైలు డిస్కు మీద మిగిలే ఉంటుంది, అది మిగిలితే నష్టం లేదు, చెరపకండి. -ఎన్ అంటే తాళం దొరక్కపోతే కాచుకోకుండా వెళ్లిపొమ్మని. ఐదు నిమిషాల తర్వాత ఎలాగూ ఇంకో వంతు వస్తుంది కాబట్టి మీకు అదే సరైనది. పని ఎక్కడో చిక్కుకుని గంటల తరబడి తాళం పట్టుకుని కూర్చోకుండా లోపల టైమ్‌అవుట్ ఆదేశంతో గరిష్ఠంగా ఇరవై నిమిషాలు అని హద్దు పెట్టండి.

తాళం ఒక్కటే చాలదు. గుమాస్తా ఎవరైనా తొందరపడి అదే స్క్రిప్టును తాళం లేకుండా చేతితో నడపవచ్చు, సగంలో ఆగిన పనిని మీరే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎన్నిసార్లు నడిచినా ఒకసారి నడిచినట్టే ఉండేలా పనిని రాయాలి. లెక్కించిన బిల్లుల కోసం వేరే పట్టిక పెట్టి, బిల్లు నంబరు అందులో రెండోసారి ఎక్కకుండా డేటాబేస్‌కే నియమం చెప్పండి. ఆ పట్టికలో నంబరు ఎక్కించడం, నిల్వ తగ్గించడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే రెండూ జరిగి లేకపోతే ఏదీ జరగని విధంగా, జరగాలి. రెండో స్క్రిప్టు అదే బిల్లు పట్టుకుంటే నంబరు దగ్గరే డేటాబేస్ ఆపేస్తుంది, నిల్వ ముట్టుకోకుండా ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి పోతుంది. తాళం తప్పినా మీ బస్తాల లెక్క తప్పదు. నాకు తాళం కంటే దీని మీదే ఎక్కువ నమ్మకం.

కొట్టులో మెట్ల కింద ఉన్న కంప్యూటర్‌లోకి రాత్రి 11 గంటలకు బ్యాకప్ నకలు దించుతున్నామని, అది కొన్ని రోజులు వస్తోంది, కొన్ని రోజులు రావడం లేదని చివర్లో రాశారు. కొట్టు కట్టేటప్పుడు మీటరు దగ్గర స్విచ్ ఆపేసి వెళ్తారు కదా. యంత్రం ఆపి ఉన్నప్పుడు తప్పిన పనిని క్రాన్ మర్నాడు గుర్తుపెట్టుకుని చేయదు. ఆ నిమిషం దాటితే ఆ వంతు పోయినట్టే. ఈ యంత్రానికి మాత్రం సిస్టమ్‌డీ టైమర్ వాడండి. అందులో పర్సిస్టెంట్ అన్న అమరికకు ట్రూ అని ఇస్తే చివరిసారి ఎప్పుడు నడిచిందో డిస్కు మీద గుర్తు రాసుకుంటుంది. ఉదయం స్విచ్ వేయగానే వేళ తప్పిందని చూసి వెంటనే పని చేస్తుంది.

టైమర్‌కు ఇంకా మంచి గుణాలున్నాయి. వేళ పక్కనే ఆసియా/కోల్‌కతా అని రాయవచ్చు, అంటే *-*-01 05:00:00 తర్వాత ఆ పేరు పెడితే మీ బాకీల పట్టిక సమస్య ఒక్క వరుసతో తీరిపోతుంది. సర్వర్ యూటీసీలోనే ఉన్నా ఒకటో తేదీ ఉదయం 5కే నడుస్తుంది. పాత పని ముగియకుండా అదే పనిని రెండోసారి మొదలుపెట్టదు. వచ్చిన మాటలన్నీ జర్నల్‌లో (సిస్టమ్‌డీ సొంత లాగ్‌లో) నిలుస్తాయి, మెయిల్ లేక పారేయడం ఉండదు. సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్ అనే ఆదేశానికి మీ వేళ ఇస్తే తర్వాత ఎప్పుడు నడుస్తుందో ముందే చెబుతుంది. ఒక పనికి రెండు ఫైళ్లు రాయాలి, అదొక్కటే శ్రమ. కొత్తగా పెట్టే పనులన్నిటికీ నేను ఇప్పుడు టైమర్లే వాడుతున్నాను. సవ్యంగా నడుస్తున్న పాత క్రాన్ వరుసలను మాత్రం సరదాకు మార్చను, మీరూ మార్చకండి.

క్రాన్‌లోనే ఉండేవాటి కోసం కొన్ని మాటలు చెప్పి వదిలేస్తాను. తేదీ గడి, వారంలో రోజు గడి రెండూ నింపితే రెండూ కలిసిన రోజున నడుస్తుందని అనుకుంటారు, కానీ ఏ ఒక్కటి కలిసినా నడుస్తుంది. బ్యాంకులకు సెలవు ఉండే రెండో శనివారం కోసం తేదీ గడిలో 8-14, వారంలో రోజు గడిలో 6 (శనివారం) అని రాస్తే ఆ ఏడు రోజులూ నడుస్తుంది, నెలలోని మిగతా శనివారాలూ నడుస్తుంది. 8-14 మాత్రం క్రాన్‌లో పెట్టి, శనివారమా కాదా అన్నది స్క్రిప్టులో చూసుకోండి. */7 అంటే ప్రతి 7 నిమిషాలకని కాదు. 56వ నిమిషం తర్వాత గంట మారి మళ్లీ 0 దగ్గర మొదలవుతుంది, అక్కడ ఎడం 4 నిమిషాలే. రోజువారీ పనుల ఫోల్డరులో స్క్రిప్టు పెడితే పేరులో చుక్క ఉండకూడదు. చివర .ఎస్‌హెచ్ ఉన్న ఫైలును ఉబుంటు చూడనట్టే వదిలేస్తుంది. క్రాన్‌ట్యాబ్ ఆఖరి వరుస తర్వాత ఎంటర్ కొట్టడం మరవకండి. అన్ని పనులనూ సరిగ్గా అర్ధరాత్రికి పెట్టకండి, ఒకదాని మీద ఒకటి పడి డేటాబేస్ ఉక్కిరిబిక్కిరవుతుంది. 2:17, 2:43 లాంటి బేసి నిమిషాలు ఎంచుకోండి.

ఇంకొకటి, ఇది చదివిన వెంటనే చేయవలసింది. క్రాన్‌ట్యాబ్ -ఇ అంటే దిద్దడం, క్రాన్‌ట్యాబ్ -ఆర్ అంటే మొత్తం తుడిచేయడం. కీబోర్డు మీద ఆ రెండు అక్షరాలూ పక్కపక్కనే ఉన్నాయి, మామూలుగా అది నిజంగా తుడవాలా అని అడగదు కూడా. ముందు క్రాన్‌ట్యాబ్ -ఎల్ నడిపి ఉన్నదంతా ఒక ఫైలులోకి తీసుకుని, ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టే గిట్‌లో దాచుకోండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి.

ఈ రాత్రికి బ్యాకప్ ఒక్కటి సరిచేయండి: స్క్రిప్టులోకి మార్చడం, పైప్‌ఫెయిల్, పూర్తి చిరునామాలు. ఎఫ్‌లాక్ వరుస రేపు మార్చినా చాలు. గడియారం సంగతి యజమానితో మాట్లాడి ఈ నెలాఖరులోగా తేల్చుకోండి. రేపు ఉదయం ఆ ఫోల్డరు తెరిచి కొత్త ఫైలు పరిమాణం, మీరు చేతితో తీసిన పాత ఫైలు పరిమాణం రెండూ ఇక్కడ రాయండి. ఏమైనా తేడా ఉంటే స్క్రిప్టు వరుస వరుసా కలిసి చూద్దాం.